విరామము కోరని ప్రేక్షకుడు

ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి యను సామెతను క్రీడారంగమున నూరేండ్లకు పైబడి సార్థకము చేసిన దేశము అమెరికా. భూమండలమున తక్కిన జనులలో అధికసంఖ్యాకులు కాలితో తన్ను బంతిపై తమ ప్రాణములను నిలుపుకొనియుండగా, ఆ దేశపు క్రీడాభిమాని సెప్టెంబరు మొదలు ఫిబ్రవరి వరకు శిరస్త్రాణములు ధరించి ఢీకొను అమెరికన్ ఫుట్‌బాల్‌ను, చలికాలమెల్ల బాస్కెట్‌బాల్‌ను, మంచుగడ్డపై హాకీని, వేసవి పొడవునను బేస్‌బాల్‌ను చూచుచు, ఏడాదిలో ఒక్క వారమైనను ఖాళీ లేకుండ తన పంచాంగమును నింపుకొనియుండెను. మనము ఫుట్‌బాల్ అని పిలుచుకొను సాకర్‌కు గాని, దాని దాయాదియైన రగ్బీకి గాని ఆ పంచాంగమున తిథియు లేదు, వారమును లేదు. సాకర్ అనగా బడిపిల్లలు శనివారపు ఉదయములందు ఆడి, పెద్దవారైన పిదప మరచిపోవు ఆట. రగ్బీ అనగా విశ్వవిద్యాలయములలో కొందరు మొండి యువకులు ఒడలు విరుగగొట్టుకొను వినోదము. పెద్దమనుష్యులు వాని దిక్కు చూచువారు కారు.

నేడట్లు లేదు. ఇంగ్లండులో శనివారము మధ్యాహ్నము 12-30కు మొదలగు ఆటను చూచుటకై న్యూయార్కువాసి ఉదయము 7-30కును, లాస్ ఏంజెలెస్‌వాసి చీకటితో 4-30కును టెలివిజన్ ముందు ఆసీనుడగుచున్నాడు; లివర్‌పూల్ జట్టు ఓడినందున ఒహాయోలో ఒక ఇంట ఆనాటి భోజనము రుచింపకుండుట ఇపుడెవరికిని వింతగా తోచుట లేదు. 2026 సాకర్ ప్రపంచకప్ పోటీలలోని 104 ఆటలకు ఏర్పరచిన 16 నగరములలో 11 అమెరికావే. 2031లో పురుషుల రగ్బీ ప్రపంచకప్, 2033లో స్త్రీల రగ్బీ ప్రపంచకప్ ఆ దేశముననే జరుగవలెనని 2022 మే మాసముననే నిర్ణయమైనది. ఈ మార్పునకు కారణములు చెప్పువారు పలువురు పలు విధములుగా చెప్పుదురు. మెక్సికోనుండియు దక్షిణ అమెరికానుండియు వలసవచ్చిన జనులు పెరిగిరని కొందరు, మెస్సీ వచ్చెనని కొందరు, కోటీశ్వరులు సొమ్ము కుమ్మరించిరని కొందరు. ఇవియన్నియు నిజములే యైనను, నాకు వీనియన్నిటికంటె ముఖ్యముగా తోచునది వేరొకటి కలదు: ఆటను అమెరికావాని అభిరుచికి తగినట్లు మార్చి మార్చి చూపినంతకాలము అతడు దాని మొగము చూడలేదు; మార్పులు మాని, లోకమెట్లు ఆడుచున్నదో అట్లే ఆటను ముందుంచిన పిదప అతడు తానై వచ్చి కూర్చుండెను.

ఇందు మొదట చెప్పవలసినది రగ్బీ సంగతి. ఏలయన అమెరికన్ ఫుట్‌బాల్ పుట్టినది రగ్బీనుండియే. 1874 మే మాసమున కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జికి వచ్చి హార్వర్డువారితో రెండు ఆటలాడిరి: మొదటిది హార్వర్డువారి నియమముల ననుసరించి, రెండవది తాము తెచ్చిన రగ్బీ నియమముల ననుసరించి. బంతిని చేతబట్టి పరుగెత్తు ఆ రెండవ విధానము హార్వర్డు యువకులకు ఎంతయు నచ్చి, తమ పాత ఆటను విడిచి దానినే చేపట్టిరి. వారినిచూచి తక్కిన విద్యాలయములవారును చేపట్టిరి. అయితే అమెరికా నేలపై ఏ ఆటయు వచ్చినది వచ్చినట్లుండదు. యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన వాల్టర్ క్యాంప్ అనునాతని ప్రేరణమున 1880లో రగ్బీయందలి స్క్రమ్ము, అనగా ఇరుపక్షములవారును భుజములు కలిపి త్రోసికొనుచు నడుమనున్న బంతికై పెనుగులాడు ఆ గుంపు, తొలగిపోయి, బంతి ఒక పక్షము స్వాధీనముననే యుండి ఆట మొదలగు గీత ఏర్పడెను. 1882లో మూడు యత్నములలో ఐదు గజములైనను ముందునకు జరుగనివారు బంతిని ఎదుటివారికి అప్పగింపవలెనను నియమము వచ్చెను. ఈ రెండు మార్పులతో ఆటయొక్క కాలగతియే మారిపోయినది. ధారగా సాగు రగ్బీ ముక్కలు ముక్కలై, ముక్కకును ముక్కకును నడుమ వ్యూహరచనకును, పిమ్మట కొన్ని దశాబ్దములకు వాణిజ్య ప్రకటనకును అవకాశమేర్పడెను. 2010లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రికవారు గడియారము పట్టుకొని లెక్కింపగా, మూడు గంటలసేపు సాగు ఒక అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసారమున బంతి నిజముగా ఆటలోనున్న కాలము సుమారు 11 నిమిషములని తేలెను. తక్కినదంతయు నిరీక్షణము, పునఃప్రదర్శనము, వ్యాఖ్యానము, మోటారుకార్లు, బీరుసీసాలు. దీనిని నేను ఎగతాళికై చెప్పుట లేదు. ఆ నిరీక్షణమందొక రసము కలదు. ప్రతి యత్నమునకు ముందును ఎదుటివాడేమి చేయునో యని ఊహించుటలో ప్రేక్షకుని బుద్ధికి చేతినిండ పని దొరకును. కాని ఆ రసమునకు అలవాటుపడిన కన్నునకు, 45 నిమిషములు ఏకధాటిగా సాగి ఒక్క గోలైనను లేక ముగియగల ఆట మొదట శూన్యముగనే కనబడుట సహజము.

రగ్బీ ఆ దేశమునుండి పూర్తిగా వెడలిపోలేదు; ఒక విచిత్రమైన రీతిగా తిరిగి వచ్చి, వింతైన కీర్తి తెచ్చి, మరల మాయమైనది. 1905 నాటికి అమెరికన్ ఫుట్‌బాల్ మైదానములలో విద్యార్థులు ప్రాణములు కోలుపోవుట ఎంత సాధారణమయ్యెననగా, అధ్యక్షుడైన థియొడోర్ రూజ్వెల్టు హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ విద్యాలయముల ప్రతినిధులను శ్వేతసౌధమునకు పిలిపించి హితవు చెప్పవలసివచ్చెను. తూర్పుతీరమువారు నియమములు సవరించుకొని 1906లో బంతిని ముందునకు విసరుటకు అనుమతింపగా, పడమటితీరమున స్టాన్‌ఫర్డు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములవారు ఆ ఆటనే త్యజించి రగ్బీని స్వీకరించిరి. కొన్నేండ్లకు వారును పాత ఆటకు మరలిపోయినను, ఆ నడిమికాలమున నాటుకొనిన విద్య వృథా కాలేదు. 1920లో ఆంట్‌వెర్ప్ ఒలింపిక్సునకు వెళ్లిన అమెరికా జట్టు, అందధికులు కాలిఫోర్నియావారే, ఫ్రాన్సును 8–0తో ఓడించి స్వర్ణపతకమును గెలిచెను. 1924 మే 18న పారిస్ నగరోపాంతమందలి కొలంబ్ స్టేడియమున ఇరుజట్లును మరల తలపడినవి. ఫ్రెంచివారు తమ విజయము నిశ్చయమని నమ్మి వచ్చిరి. అమెరికావారు 17–3తో గెలిచిరి. జనసమూహము పండ్లు కొరికి, కేకలు వేసి, అమెరికా పక్షము వహించిన ప్రేక్షకులను కొందరిని కొట్టెను. పోలీసుల కాపుదల నడుమ విజేతలకు పతకప్రదానము జరిగెను. ఆ పిదప ఒలింపిక్సు నిర్వాహకులు రగ్బీని జాబితానుండి తొలగించిరి. 2016లో రియో నగరమున ఏడుగురేసి ఆడు రూపమున ఆట తిరిగివచ్చువరకు, 92 ఏండ్లపాటు ఒలింపిక్ రగ్బీ విజేత యను బిరుదు అమెరికాదే! ఆ సంగతి అమెరికాలో వీధిన పోవువారిని పదుగురినడిగినచో ఒక్కడైనను చెప్పునా యన్నది సందేహమే.

సాకర్ చరిత్రయు ఇట్టి మరపు కథయే. పెన్సిల్వేనియాలోని బెత్లెహామ్ ఉక్కు కార్ఖానాలో, మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్ నూలుమిల్లులలో, న్యూజెర్సీలోని కియర్నీ దారపుమిల్లులో పనిచేయవచ్చిన స్కాట్లాండు, ఇంగ్లండు, పోర్చుగల్ దేశముల కూలీలు తమతో సాకర్‌ను తెచ్చుకొనిరి. 1921లో ఆరంభమైన అమెరికన్ సాకర్ లీగున ఆర్చీ స్టార్క్ అనువాడు 1924–25 ఋతువున ఒక్కడే 67 గోలులు కొట్టెను. 1930లో మొట్టమొదటి ప్రపంచకప్పునందు అమెరికా జట్టు సెమీఫైనల్ వరకు పోయెను. ఆర్థికమాంద్యము వచ్చి మిల్లులు మూతపడగా ఆ లీగును కూలినది. ఇక 1950 జూన్ 29న బ్రెజిల్‌లోని బెలో హొరిజాంటె నగరమున జరిగినది ఐతిహ్యములకు తీసిపోని వృత్తాంతము. ఆటకు తామే పుట్టినిల్లని అతిశయించు ఇంగ్లండుపై ఆనాడు నిలిచినవారెవరు? గోల్‌కీపర్ ఫ్రాంక్ బోర్గీ సెయింట్ లూయీలో శవములను మోయు బండి తోలువాడు. వాల్టర్ బార్ ఫిలడెల్ఫియాలో బడిపంతులు. గోల్ కొట్టిన జో గేట్జెన్స్ హెయిటీనుండి చదువుకొనవచ్చి, న్యూయార్కులో ఒక భోజనశాలలో అంట్లు తోముకొని పొట్టపోసికొనువాడు. బార్ తన్నిన బంతికి గేట్జెన్స్ ఒరిగి తల తగిలించెను. అది గోలులోనికి పోయినది. ఆట 1–0తో ముగిసెను. ఆ దినమున అక్కడనున్న అమెరికను విలేఖరి ఒక్కడే, సెయింట్ లూయీ పత్రికకు చెందిన డెంట్ మెక్‌స్కిమింగ్; అతడైనను పత్రిక పంపగా వచ్చినవాడు కాడు, సెలవుపెట్టి సొంత ఖర్చుతో వచ్చినవాడు. పెరటిచెట్టు మందునకు పనికిరాదన్నట్లు, స్వదేశమున ఆ విజయమునకు పత్రికలలో దక్కిన తావు స్వల్పము. గేట్జెన్స్ తరువాత హెయిటీకి మరలిపోయి, 1964లో డువాలియే నిరంకుశపాలనమున నిర్బంధింపబడి, మరల ఎవరికంటను పడలేదు.

టెలివిజన్ వచ్చినపిదప ఆటను అమెరికాకు తగినట్లు దిద్దుటలో ఎట్టి సాహసములు జరిగినవో చూడుడు. 1967లో సీబీఎస్ సంస్థ ఒక కొత్త సాకర్ లీగు ఆటలను ప్రసారము చేయబూనెను. ప్రకటనలు వేయుటకు ఆటలో ఆగు చోటే లేదాయె. టొరాంటో, పిట్స్‌బర్గ్ జట్ల నడుమ జరిగిన ఒక ఆటలో తాను ఊదిన 21 ఫౌళ్లలో 11 ప్రకటనలకు చోటిచ్చుటకే ఊదితినని రెఫరీ ఒప్పుకొనినట్లు నాటి పత్రికలు వ్రాసెను. చెవి దగ్గర రేడియో సంకేతము మ్రోగగానే ఈల ఊదవలెను. కిందపడిన ఆటగాడు లేవబోయినచో, మరికొంతసేపు పడియుండుమని వానిని ఆపవలెను. అభిమానికి ఆటమీద గురి కుదురుటకు ఇంతకంటె అనుకూలమైన మార్గము మరియొకటి లేకుండునా!

1968లో ఏర్పడిన నార్త్ అమెరికన్ సాకర్ లీగు ఈ దిద్దుబాటును శాస్త్రముగా మలచెను. గెలిచిన జట్టునకు ఆరు పాయింట్లు, కొట్టిన ప్రతి గోలునకు మూడింటివరకు అదనముగా ఒక్కొక్కటి. ఆఫ్‌సైడునకు గోలునుండి 35 గజముల దూరమున వేరొక గీత. సమముగా ముగిసిన ఆటలను అమెరికావాడు సహింపలేడని, 35 గజముల దూరమునుండి బంతితో బయలుదేరి ఐదు సెకండ్లలో గోల్‌కీపర్‌ను దాటించు ద్వంద్వయుద్ధము. వీనికి తోడుగా 1975లో వార్నర్ సంస్థవారి ధనముతో న్యూయార్క్ కాస్మోస్ జట్టు 34 ఏండ్ల పెలేను బ్రెజిల్‌నుండి రప్పించెను. వెంట బెకన్‌బావర్, కార్లోస్ ఆల్బెర్టో, కినాలియా వంటి పేరుపొందిన ఆటగాండ్రు. 1977 ఆగస్టు 14న ఆ జట్టు ఆట చూచుటకు న్యూజెర్సీలో 77,691 మంది వచ్చిరి. అదే ఏడాది సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్సున కాస్మోస్ జట్టు మోహన్ బగాన్‌తో 2–2గా ఆడినపుడు మన దేశీయులు పెలేను కన్నులార చూచిరి. వారము తిరుగగానే అక్టోబరు 1న తన కడపటి ఆటను అతడొక అర్ధభాగము కాస్మోస్ పక్షమునను, ఒక అర్ధభాగము తన పాత సాంటోస్ పక్షమునను ఆడి విరమించెను. మరుసటి ఏడాది లీగు 24 జట్లకు విస్తరిల్లెను. 1984 ఋతువుతో మూతపడెను. జనులు వచ్చినది పెలేను చూచుటకు. ఆటను చూచుటకని భ్రమపడిన యజమానులు ఊరూర దుకాణములు తెరచి చేతులు కాల్చుకొనిరి.

1990లో ఇటలీలో జరిగిన ప్రపంచకప్పును టీఎన్‌టీ సంస్థ అమెరికాలో చూపునపుడు సయితము, ఆట నడుచుచుండగనే ప్రకటనలకు మరలిపోయెడిది. 1994లో పోటీ స్వదేశమునకే వచ్చినపుడు ఏబీసీ, ఈఎస్‌పీఎన్ సంస్థలు తెరమూలనున్న గడియారము ప్రక్కన ఒక కంపెనీ ముద్రను నిలిపి, 45 నిమిషములను కోత లేకుండ ప్రసారము చేసినవి. ఆ చిన్న ముద్ర నా దృష్టిలో పెలేకంటె ఎక్కువ పని చేసినది. ఆ వేసవిని 52 ఆటలకు 35,87,538 మంది ప్రేక్షకులు వచ్చిరి. ఆ మొత్తమును 2022 వరకు ఏ ప్రపంచకప్పును దాటలేదు. మిషిగన్ రాష్ట్రమున పైకప్పుగల పాంటియాక్ సిల్వర్‌డోములో, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పెంచిన పచ్చిక పలకలను తెచ్చి పరచి ఆట నడిపించిరి.

ఆ పోటీ నిర్వహణకు ప్రతిగా ఇచ్చిన మాట ప్రకారము 1996లో పది జట్లతో మేజర్ లీగ్ సాకర్ పుట్టెను. పుట్టుటయు మరల పాత జబ్బుతోనే పుట్టెను: 45నుండి సున్నకు దిగివచ్చు గడియారము, సమమైన ఆటలకు 35 గజముల ద్వంద్వయుద్ధము. 1999లో లీగునకు అధిపతిగా వచ్చిన డాన్ గార్బర్ అంతకుముందు అమెరికన్ ఫుట్‌బాల్ సంస్థయగు ఎన్ఎఫ్ఎల్‌లో పనిచేసినవాడు. సాకర్‌నుండి అమెరికను అలంకారములను ఊడబెరికినవాడు ఆతడే యగుట విధివిలాసము. లోకమంతట నడుచు గడియారమే నడిచినది, సమముగా ముగిసిన ఆట సమముగానే ముగిసినది. 2002 ఆరంభమున రెండు జట్లు మూతపడి లీగు మరణశయ్యపై నున్నట్లు తోచినను, 2005లో టొరాంటోవారు కోటి డాలర్లిచ్చి పొందిన సభ్యత్వమునకు, శాన్‌డియేగోవారు 2023లో 50 కోట్ల డాలర్లిచ్చిరి. నేడు జట్లు 30.

ఇంతవరకు చెప్పిన కథయంతయు పురుషులది. స్త్రీల సాకర్‌లో అమెరికా ఎవరివెనుకను రాలేదు, ముందే నడిచినది. 1972లో చేసిన టైటిల్ నైన్ అను శాసనము విద్యాలయములలో ఆడపిల్లలకు క్రీడావకాశములందు వివక్ష చూపరాదని విధింపగా, బాలికలకు ఏ ఆట పెట్టవలెనని వెదకిన పాఠశాలలకు సాకర్ చేతికందినది. దానికి పాత యజమానులు లేరు, పెద్ద ఖర్చు లేదు. తక్కిన దేశములందు తల్లిదండ్రులు కూతుళ్లను మైదానమునకు పంపుటకు సంకోచించు కాలమున అమెరికా బాలికలు వేలసంఖ్యలో శిక్షణ పొందిరి. 1991, 1999, 2015, 2019 ప్రపంచకప్పులు వారివే. 1999 జూలై 10న పాసడీనాలోని రోజ్ బౌల్ స్టేడియమున చైనాతో జరిగిన ఫైనలునకు 90,185 మంది వచ్చిరి. బ్రాండీ చాస్టెయిన్ ఎడమకాలితో కొట్టిన కడపటి పెనాల్టీ ఆ దేశపు ఆడపిల్లల ఒక తరమునంతటిని మైదానములకు తెచ్చెను. 2024లో కాన్సస్ నగరమున స్త్రీల వృత్తిజట్టు కొరకే ప్రత్యేకముగా కట్టిన స్టేడియము తెరువబడినది. అమెరికా సాకర్ చరిత్రను పెలే రాకతో ఆరంభించి మెస్సీ రాకతో ముగించువారు ఈ అధ్యాయమును పాదసూచికగా చేయుట నాకు సమ్మతము కాదు.

మరి నేటి అభిమాని ఎట్టివాడు? 2013లో ఎన్‌బీసీ సంస్థ ఇంగ్లీషు ప్రీమియర్ లీగు ఆటలన్నిటిని చూపనారంభించినపుడు ప్రచారమునకై తీసిన హాస్యచిత్రమున, జేసన్ సుడేకిస్ పోషించిన టెడ్ లాసో అను అమెరికన్ ఫుట్‌బాల్ శిక్షకుడు లండనుకు వచ్చి, ఆట సమముగా ముగియుట యెట్లో అర్థముకాక తికమకపడును. ఏడేండ్లకు ఆ పాత్రయే ఒక ధారావాహికకు నాయకుడయ్యెను. అప్పటికి ప్రేక్షకుడు నాయకునికంటె ఎక్కువ తెలిసినవాడై నవ్వెను. 1864లో పుట్టిన వేల్స్‌లోని రెక్సమ్ క్లబ్బును ఇద్దరు నటులు, ర్యాన్ రెనాల్డ్స్, రాబ్ మెకల్హెన్నీ, 2021లో కొని, దాని బాగోగులను టెలివిజన్‌లో చూపనారంభించిరి. ఐదవ శ్రేణిలో మ్రగ్గు ఒక గనికార్మికుల పట్టణపు జట్టు 2023, 2024, 2025లలో వరుసగా మూడు మెట్లు ఎక్కుటను అమెరికాలోని గృహములు ఊపిరి బిగబట్టి చూచినవి. ఓడినవారు కింది శ్రేణికి దిగిపోవుట, గెలిచినవారు పైకి పోవుట అను పద్ధతి వారి దేశపు పెద్ద లీగులలో దేనియందును లేదు. అట్టడుగున నిలిచిన జట్టునకు మరుసటి ఏడాది మేటి యువకుని ఎంచుకొను అవకాశమిచ్చి ఓదార్చుట వారి ఆచారము. ఓటమికి నిజమైన శిక్ష కలదని తెలిసిన పిదప, ఏప్రిల్ మాసమున అట్టడుగుననున్న రెండు జట్ల ఆటయైనను ఎంత ఉత్కంఠ కలిగించునో వారికి అనుభవమైనది.

అమెరికా అభిమాని తన అలవాట్లను పూర్తిగా విడువలేదు, విడువనక్కరయు లేదు. ఆరిగన్ రాష్ట్రమందలి పోర్ట్‌లండ్ కలప వ్యాపారమునకు పేరుపొందిన పట్టణము. అచటి టింబర్స్ జట్టు గోల్ కొట్టగానే, ఉత్తరపు గోలు వెనుక గ్యాలరీ ముందు ఉంచిన పెద్ద దుంగను టింబర్ జోయీ యను వేషధారి యంత్రపురంపముతో కోయును. రంపపుపొట్టు గాలిలోనికెగయుచుండ, చెక్కబిళ్ల విడివడగానే వేలాదిమంది పచ్చకండువాలు ఊపుదురు. ఆట ముగిసిన పిదప గోల్ కొట్టినవాడు ఆ బిళ్లను రెండు చేతులతో తలపైకెత్తి చూపును. గోలు పడనీయని గోల్‌కీపర్‌కును ఒక బిళ్ల దక్కును. దీనిని ఏ లండను క్లబ్బునుండియు వారు ఎరువు తెచ్చుకొనలేదు. సియాటిల్‌లో సౌండర్స్ జట్టు అభిమానులు ఆటకు ముందు బ్యాండుమేళముతో స్టేడియమునకు ఊరేగింపుగా పోవుటయేగాక, నాలుగేండ్లకొకమారు జట్టు జనరల్ మేనేజరును ఉంచవలెనో తీయవలెనో ఓటుద్వారా నిర్ణయించు హక్కును కలిగియున్నారు. 2019లో ఆ జట్టు యజమానుల బృందమున చేరినవారిలో మన హైదరాబాదున పుట్టి, బేగంపేట పబ్లిక్ స్కూలున క్రికెట్టు ఆడుచు పెరిగిన సత్య నాదెళ్ల, ఆయన భార్య అనుపమ ఉన్నారు. డాలస్ చెంతనున్న ఫ్రిస్కోలో సాకర్ స్టేడియమును, జాతీయ సాకర్ కీర్తిమందిరమును ఒక్కచోటనే కలవు. ఆ పరిసరముల స్థిరపడిన తెలుగు కుటుంబములు సాయంకాలము పిల్లలను సాకర్ శిక్షణకు దింపి, ఐపీఎల్ స్కోరు ఫోనులో చూచుకొనుచుండుట అక్కడివారికి నిత్యకృత్యము. మనవారి తండ్రికొడుకులు ఇరువురును ఒకే ఆటకు అభిమానులగుట ఇక తరువాతి తరముననే కాబోలు.

ఇంతలో తమాషా చూడుడు. అమెరికా ప్రేక్షకుడు విరామము లేని ఆటకు అలవాటుపడినాడని మనము సంతోషించు వేళకు, ప్రపంచ సాకర్ సంస్థయైన ఫీఫా 2026 పోటీలలో ప్రతి అర్ధభాగమునకు నడుమ మూడు నిమిషముల జలపాన విరామమును, ఎండయున్నను లేకున్నను, ప్రతి ఆటలోను పెట్టవలెనని 2025 డిసెంబరులో ప్రకటించెను. రెండు భాగముల ఆట నాలుగు భాగములైనది. ఫైనలున అర్ధవిరామమున అమెరికన్ ఫుట్‌బాల్ పద్ధతిని సంగీతప్రదర్శనమును ఏర్పాటు చేసిరి. గిరాకినిబట్టి మారు టికెట్టు ధరలు సరేసరి. అమెరికావాడు అడిగినది ఇది కాదు. అడుగునేమో యని జూరిక్‌లోని ఫీఫా కార్యాలయమున కూర్చున్నవారు ఊహించి వడ్డించినది. 1967 నాటి రెఫరీ బ్రదికియున్నచో, ఆ మూడు నిమిషములకు ఈల ఊదుట ఎంత గౌరవప్రదమైన పనియో చూచి నిట్టూర్చియుండును.

రగ్బీకి ఇట్టి భాగ్యమును లేదు, ఇట్టి బెడదయు లేదు. దానిపై అమెరికావానికి కలిగిన ఆసక్తి చాలవరకు జ్ఞాతిని చూచిన కుతూహలము. శిరస్త్రాణము లేని మనిషి తలను ప్రక్కకు పెట్టి భుజముతో ఎదుటివాని తొడలను చుట్టి పడగొట్టుటను చూచి, అమెరికన్ ఫుట్‌బాల్ జట్టగు సియాటిల్ సీహాక్స్ శిక్షకుడు పీట్ క్యారల్ 2014లో రగ్బీ పద్ధతి టాకిలింగును బోధించు వీడియో తీయించెను. ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టువారు గజమో అరగజమో కావలసివచ్చినపుడు బంతిపట్టినవానిని వెనుకనుండి మూకుమ్మడిగా త్రోయు ఎత్తునకు స్కాట్లాండు రగ్బీ శిక్షకుని సలహా తీసికొనిరి. క్యాంప్ 1880లో వెడలగొట్టిన స్క్రమ్ము దొడ్డిదారిని లోనికి వచ్చినదన్నమాట. దానిని నిషేధింపవలెనని 2025 మే మాసమున జట్ల యజమానులు ఓటు వేయగా, కావలసినవి 24, వచ్చినవి 22. అదే జట్టున సిడ్నీ రగ్బీలీగునుండి వచ్చిన జోర్డాన్ మైలాటా, అంతకుముందు జీవితమున ఒక్కనాడైనను అమెరికన్ ఫుట్‌బాల్ ఆడనివాడు, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ విజేతయయ్యెను.

గొప్ప జట్లు వచ్చినపుడు జనమునకు కొదువ లేదు. 2016 నవంబరు 5న షికాగోలోని సోల్జర్ ఫీల్డున 62,300 మంది చూచుచుండ ఐర్లండు జట్టు న్యూజీలండును 40–29తో ఓడించెను. 1905నుండి 111 ఏండ్లు ప్రయత్నించి ఎన్నడును పొందని విజయమది. ముందునాడే అదే నగరమున, 108 ఏండ్లకు బేస్‌బాల్ టైటిలు గెలిచిన కబ్స్ జట్టు ఊరేగింపు జరిగియుండెను. ఐరిష్ అభిమానులు ఆ సంబరమును కనులార చూచి మరునాడు మైదానమునకు పోయిరి. ఇక 2024 జూలై 30న పారిస్ ఒలింపిక్సున స్త్రీల ఏడుగురి రగ్బీలో కాంస్యపతకమునకు ఆస్ట్రేలియాతో పోరు. సమయము ముగిసినది, స్కోరు 7–12, బంతి అమెరికా సొంత గోల్ గీత చెంతనున్నది. అలెక్స్ సెడ్రిక్ బంతినందుకొని ఇద్దరిని విదిలించుకొని మైదానమంత పొడవును పరుగెత్తి ట్రై చేసి, తన్నవలసిన కన్వర్షనును తానే తన్ని 14–12 చేసెను. ఆ వారముననే మిషెల్ కాంగ్ అను వ్యాపారవేత్త ఆ జట్టునకు 40 లక్షల డాలర్లు ప్రకటించిరి. ఆ జట్టులోని ఐలోనా మేహర్ తన చమత్కారముతో, తన బలిష్ఠదేహముపై తనకుగల నిస్సంకోచమైన గర్వముతో సామాజిక మాధ్యమములలో లోకమున ఏ రగ్బీ క్రీడాకారునికిని లేనంతమంది అనుచరులను సంపాదించి, 2025 ఆరంభమున ఇంగ్లండు క్లబ్బున చేరగా ఆమెను చూచుటకై అక్కడ జనులు ఎగబడిరి. అదే ఏడాది ఆగస్టు 22న సండర్లండున ప్రపంచకప్ తొలి ఆటలో ఇంగ్లండు చేతిలో అమెరికా స్త్రీలు 69–7తో ఓడిరి. అభిమానము పెరిగినంత వేగముగా ఆట పెరుగదు.

పురుషుల వృత్తిలీగు సంగతి చెప్పుకొనుట మరియు కష్టము. 2018లో మొదలైన మేజర్ లీగ్ రగ్బీకి 2025లో 11 జట్లుండగా, మరుసటి ఋతువునకు మిగిలినవి ఆరు. దేశపు రగ్బీ సంఘము 2020లో దివాలా రక్షణ కోరవలసివచ్చెను. జాతీయ జట్టు 2023 ప్రపంచకప్పునకు అర్హత పొందలేకపోయెను. 2031లో స్టేడియములు నిండుననుటలో నాకు సందేహము లేదు, న్యూజీలండువారు వచ్చినపుడు సోల్జర్ ఫీల్డు నిండినది. ఆ పోటీని నడుపువారు తీర్చవలసిన లెక్క వేరొకటి: ఆల్ బ్లాక్స్ అను న్యూజీలండు జట్టు ఆటకు వందల డాలర్లిచ్చిన షికాగోవాసిని, మార్చి మాసపు చలిగాలిలో తన ఊరి హౌండ్స్ జట్టు ఆటకు ఇరువది డాలర్ల టికెట్టు కొనజేయుట.